నాలుగు కాయిళ్ల నుంచి నాలుగు కాయిళ్లకు

కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. సిలిండర్లో అదిమి ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమంలో ప్లగ్ మొనల మధ్య రవ్వ దూకాలంటే వోల్టులు వేలల్లో కావాలి. ఒక్కోసారి 20 వేలు దాటాలి. ఈ పని చేసే ఇగ్నిషన్ కాయిల్ మోటారు కారుకన్నా పాతది. 1836లో ఐర్లండ్‌లోని మేనూత్ కళాశాలలో పాఠాలు చెప్పే నికొలస్ కాలన్ అనే ఫాదర్ ఇనుముకు రెండు తీగలు చుట్టి చూశాడు. మొదటి తీగలో కరెంటు చటుక్కున ఆపితే, ఎక్కువ చుట్లున్న రెండో తీగలో భారీ వోల్టేజి పుట్టింది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో సిలిండర్‌కు ఒకటి చొప్పున కొయ్యపెట్టెల్లో నాలుగు కాయిళ్లు ఉండేవి. రెండేళ్లకే చార్లెస్ కెటరింగ్ క్యాడిలాక్ కోసం ఒక్క కాయిల్‌తోనే అన్ని సిలిండర్లకూ పని జరిపించాడు. కరెంటును పాయింట్లు అనే స్విచ్ తెంపుతుంది, రవ్వను డిస్ట్రిబ్యూటర్ పంచుతుంది. మన అంబాసిడర్, పద్మినీ పెట్రోలు ఇంజిన్లూ దశాబ్దాలపాటు ఈ పద్ధతిలోనే నడిచాయి.

దీనికి చిక్కల్లా సమయంతోనే. కాయిల్ మొదటి తీగలో కరెంటు ఒక్కసారిగా పెరగదు, కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఈ వ్యవధినే డ్వెల్ అంటారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకు 200 రవ్వలు కావాలి. అంటే ఒక్కోదానికి 5 మిల్లీసెకన్లే, అందులోనూ పాయింట్లు తెరిచి ఉండే కాలం వృథా. రవ్వ నీరసపడక ఏం చేస్తుంది? సిలిండర్‌కో కాయిల్ పెడితే ఆ 5 కాస్తా 20 అవుతుంది. ఎలక్ట్రానిక్స్ పుణ్యమా అని మళ్లీ ఫోర్డు పెట్టెల లెక్కకే వచ్చాం.

అమెరికాలో 2001 నుంచి ఇంజిన్‌ను నియంత్రించే మెగాస్క్విర్ట్ లాంటి కంప్యూటర్లను పాత కార్లకు ఇంట్లోనే బిగించుకునేవాళ్లు తయారయ్యారు. వాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఏ కాయిల్ అని. పాత కాయిల్ నిరోధం 3 ఓమ్‌లు ఉంటే, కరెంటు 4 ఆంపియర్ల దగ్గర దానంతటదే ఆగుతుంది. అర ఓమ్ ఉన్న కొత్త కాయిల్‌కు ఆ అడ్డు లేదు. కంప్యూటర్ సమయానికి తెంపకపోతే కాలిపోతుంది.

కాయిల్‌లోనే కరెంటును తెంపే ట్రాన్సిస్టర్ ఉందా లేదా అన్నది ఇంకో సంగతి. 1997 నాటి జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్1 ఇంజిన్ కాయిళ్లలో అది ఉంటుంది, కంప్యూటర్ చిన్న సంకేతం పంపితే చాలు. అది లేని కాయిల్‌ను నేరుగా కలిపితే కంప్యూటర్ లోపలి భాగాలు పోతాయి. సాఫ్ట్‌వేర్‌లో సంకేతం దిశ తిరగబడినా ప్రమాదమే. ఆగాల్సిన వేళ కూడా కరెంటు పారుతూనే ఉంటుంది.

పెట్టె మీద రాసిన 50 వేల వోల్టులకు మురిసిపోనక్కర్లేదు. ప్లగ్ సందు దాటడానికి ఎంత కావాలో వోల్టేజి అంతవరకే పెరుగుతుంది. డ్వెల్ లెక్క ఎవరూ చెప్పని ఖరీదైన కాయిల్ కన్నా, ఆ లెక్క నిక్కచ్చిగా తెలిసిన కంపెనీ కాయిల్ తుక్కు కారులోంచి తీసినదైనా మేలు.