పిల్లల ఊపిరిలో సైనైడ్ ఎందుకు వెతుకుతున్నారు?

సైనైడ్ అనగానే మనకి క్రైమ్ సినిమాలే గుర్తొస్తాయి. కానీ ఇంగ్లండ్‌లో కొంతమంది డాక్టర్లు చిన్నపిల్లలు వదిలే గాలిలో సైనైడ్ ఉందా అని కొలిచారు. ఎందుకో చెప్పాలంటే ముందు సిస్టిక్ ఫైబ్రోసిస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. షార్ట్‌గా సీఎఫ్ అందాం.

ఇది పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధి. సీఎఫ్‌టీఆర్ అనే జీన్‌లో లోపం వల్ల కణాల నుంచి ఉప్పు, నీళ్ళు సరిగ్గా బయటికి రావు. దాంతో ఊపిరితిత్తుల్లో ఉండాల్సిన పల్చటి తేమ కాస్తా బంకలా చిక్కబడిపోతుంది. అమెరికాలో 2010 నుంచి అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టిన బిడ్డల మడమ మీద గుచ్చి, రక్తపు చుక్క తీసి ఈ జబ్బు ఉందేమో చూస్తున్నారు. అక్కడున్న మనవాళ్ళ పిల్లలకి కూడా ఈ టెస్ట్ చేస్తారు.

ఆ బంకలో కాపురం పెట్టడానికి ఒక బ్యాక్టీరియా రెడీగా ఉంటుంది. పేరు సూడోమోనాస్ ఏరుజినోసా. నీళ్ళు, మట్టి, ఇంట్లో సింకు, ఎక్కడైనా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్ని మామూలుగా ఏమీ చెయ్యదు. సీఎఫ్ ఉన్నవాళ్ళలో మాత్రం వదలదు. కొత్తగా చేరినప్పుడే దొరికితే, టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్‌ని నెబ్యులైజర్‌తో రోజుకి రెండుసార్లు, 28 రోజులు పీల్పిస్తే చాలామందిలో పోతుంది. లేటైతే అది తన చుట్టూ బయోఫిల్మ్ అనే జిగురు గోడ కట్టుకుంటుంది. ఇక దాన్ని పూర్తిగా వదిలించడం దాదాపు అవ్వదు. ఊపిరితిత్తులు ఏడాదికేడాది దెబ్బతింటూనే ఉంటాయి.

మరి ముందే ఎలా పట్టుకోవాలి? కఫం తీసుకుని ల్యాబ్‌లో కల్చర్ చెయ్యాలి. చిక్కేంటంటే, చిన్నపిల్లలకి కఫం ఉమ్మడం రాదు, మింగేస్తారు. గొంతులో స్వాబ్ పెట్టి తీస్తారు గానీ, గొంతులో లేనంత మాత్రాన ఊపిరితిత్తుల అడుగున లేదని కాదు. బ్రాంకోస్కోపీ చేసి, లోపల సెలైన్‌తో కడిగి ఆ నీళ్ళు టెస్ట్ చెయ్యొచ్చు. దానికి పసిపిల్లలకి మత్తివ్వాలి. మాటిమాటికీ చేసే పని కాదది.

ఇంకో విచిత్రం చూడండి. 2019 అక్టోబర్‌లో అమెరికాలో ట్రైకాఫ్టా అనే మందుకి అనుమతి వచ్చింది. ఎంతోమందికి దగ్గు తగ్గింది, కఫం దాదాపు ఆగిపోయింది. సంతోషమే. కానీ టెస్ట్‌కి ఇద్దామంటే కఫం లేదు. చాలామందిలో బ్యాక్టీరియా మాత్రం అలాగే ఉంది!

అందుకే బయోమార్కర్ల కోసం వేట. అంటే బ్యాక్టీరియాని నేరుగా చూడకుండా, అది వదిలిన ఆనవాళ్ళు పట్టుకోవడం. రక్తంలో సీఆర్‌పీ అనే టెస్ట్ ఉందిగా, అది చాలదా అంటారేమో. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు అర్ధరాత్రి అలర్ట్ వచ్చేది, 'సిస్టమ్ స్లో' అని. ఎవరి వల్ల స్లో అన్నది చెప్పదు. సీఆర్‌పీ కూడా అంతే. ఒంట్లో వాపు ఉందంటుంది, ఏ బ్యాక్టీరియా వల్లో చెప్పదు.

మనకి కావాల్సింది సూడోమోనాస్ మాత్రమే వేసే సంతకం. ఇది కొన్ని ప్రత్యేకమైన పదార్థాలు తయారుచేస్తుంది. ఒకటి ద్రాక్షపళ్ళ వాసనొస్తుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఒకదానికొకటి పంపుకునే కెమికల్ మెసేజ్‌లు. వాటిని రక్తంలో, మూత్రంలో వెతుకుతున్నారు. ఇంకొకటి హైడ్రోజన్ సైనైడ్. మనిషికి హాని చేసేంత కాదు, గాలిలో వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులు మాత్రమే.

2015లో వచ్చిన స్టడీలో 8 సెంటర్లలో 233 మంది పిల్లల ఊపిరిని రెండేళ్ళపాటు కొలిచారు. ఒక హద్దు పెట్టుకుని చూస్తే స్పెసిఫిసిటీ 99 శాతం, సెన్సిటివిటీ 33 శాతం. ఇక్కడ కాస్త ఆగండి. ఎవరైనా '99 శాతం కరెక్ట్' అని థంబ్‌నెయిల్ పెడితే నమ్మకండి. ఇన్ఫెక్షన్ లేని 100 మందిలో 99 మందికి 'లేదు' అని సరిగ్గానే చెబుతుంది. కానీ కొత్తగా ఇన్ఫెక్షన్ వచ్చిన ముగ్గురిలో ఒక్కరినే పట్టుకుంటుంది. మిగతా ఇద్దరి అమ్మానాన్నలు 'హమ్మయ్య' అనుకుని ఇంటికెళ్ళిపోతారు. అనవసరంగా నెల రోజులు మందు పీల్చడం ఒక తప్పు. 28 రోజుల్లో పోయేదాన్ని జీవితాంతం మోయడం ఇంకో తప్పు. నా లెక్కలో రెండోదే చాలా పెద్దది. కాబట్టి ఈ టెస్ట్ 'ఉంది' అంటే సీరియస్‌గా తీసుకోవచ్చు, 'లేదు' అంటే ఊరుకోకూడదు.

ఎందుకు మిస్సవుతుంది? మొదట్లో బ్యాక్టీరియా తక్కువుంటుంది, పైగా అన్ని రకాలూ సైనైడ్ ఒకేలా తయారుచెయ్యవు. మన నోట్లో కూడా కొంచెం తయారవుతుంది, అందుకే ముక్కుతో వదిలే గాలి కొలవడం బెటర్.

మెషీన్ లెర్నింగ్ చదివేవాళ్ళకి ఇంకో సంగతి వెంటనే తట్టాలి. ఈ టెస్ట్‌ని దేంతో పోల్చి మార్కులేస్తున్నారు? కల్చర్‌తోనే. ఆ కల్చరే మిస్సవుతోందనే కదా మనం మొదలుపెట్టాం! ఊపిరి 'ఉంది' అని, స్వాబ్ 'లేదు' అంటే ఎవరిది తప్పు? ఆన్సర్ కీ లోనే తప్పులుంటే మార్కులెలా వేస్తాం? కొత్త బయోమార్కర్ ఏదొచ్చినా ఈ ప్రశ్న దాటి రావాల్సిందే.

ఈలోపు ఎక్కువ హడావుడి లేని ఒక పద్ధతి బాగానే పనిచేస్తోంది. వేల్స్‌లోని కార్డిఫ్‌లో పిల్లలకి ఉప్పునీటి ఆవిరి పీల్పించి, కఫం తెప్పించి చూశారు. ఆరు నెలల పాపాయిల దగ్గర్నుంచీ చేశారు. 2018లో వచ్చిన ఆ రిపోర్ట్ ప్రకారం, మామూలు స్వాబ్‌లో కన్నా ఇందులో ఎక్కువ బ్యాక్టీరియాలు బయటపడ్డాయి. ఉప్పునీళ్ళతో, మత్తు లేకుండా!