అరవై దాటితే వణుకు

మా కేరీలో (నార్త్ కెరొలైనా) పాత కారు కొన్న తెలుగువాళ్ళు మొదటి ఆదివారం చేసే పని ఒకటే. గుడి పార్కింగ్ లాట్‌లో వాహన పూజ. బానెట్ మీద పసుపు, కుంకుమ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. 2023 జూలైలో మేమూ అదే చేశాం. మూడు నిమ్మకాయలు చక్కగా నలిగాయి. ముందు కుడి చక్రం కింద పెట్టింది మాత్రం నలగకుండా పక్కకి దొర్లిపోయింది. మా ఆవిడ మొహం అదోలా పెట్టింది. నేను ఘర్షణ గురించీ, నున్నటి తారు రోడ్డు గురించీ ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఉపన్యాసాన్ని ఆవిడ ఇప్పటికీ నాకు అప్పజెబుతూనే ఉంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

కారు మా అమ్మాయి కోసం. ఆగస్టులో షార్లెట్‌లో కాలేజీలో చేరుతోంది. ఇక్కడినుంచి సుమారు 160 మైళ్ళు, దాదాపు అంతా హైవేనే. పదేళ్ళ పాత సెడాన్, 98 వేల మైళ్ళు తిరిగింది, 8,500 డాలర్లు. అమ్మినాయన మంచివాడిలాగే ఉన్నాడు. లోపల శుభ్రంగా ఉంది, ఏసీ బాగుంది, టైర్ల గాడులు లోతుగా ఉన్నాయి. వాళ్ళ కాలనీ చుట్టూ రెండు రౌండ్లు కొట్టాం, 45 దాటలేదు. "హైవే ఎక్కించి చూడలేదా?" అని మీరు అడగొచ్చు. లేదు. ఇరవై ఏళ్ళుగా జనాలకి "లోడ్ టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లో పెట్టకండి" అని చెప్పి డబ్బులు తీసుకుంటున్నవాణ్ణి నేను.

పూజ అయిన మర్నాడు ఐ-40 ఎక్కాను. 55 దాకా వెన్నలా నడిచింది. 58 దగ్గర స్టీరింగ్‌లో చిన్న గిలిగింత. 62 నుంచి 68 దాకా వణుకు, మామూలు వణుకు కాదు, చేతి గడియారం గలగలలాడేంత. 70 దగ్గర మళ్ళీ కాస్త తగ్గింది.

పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలంటే, వాషింగ్ మెషీన్‌లో తడిబట్టలన్నీ ఒక పక్కకి చేరితే ఏమవుతుందో చూశారు కదా? మెల్లగా తిరిగినంతసేపూ ఏమీ కాదు. స్పిన్‌కి వచ్చేసరికి మెషీన్ ఇల్లంతా కదిలిస్తుంది. చక్రమూ అంతే. ఈ కారు టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు. 65 మైళ్ళ వేగంలో సెకనుకి దాదాపు 14 చుట్లు. రిమ్ము అంచున ఒకవైపు ఒక్క ఔన్సు, అంటే 28 గ్రాములు, ఎక్కువైతే చాలు. ఆ వేగంలో అది నాలుగున్నర కిలోల పైచిలుకు బలంతో బయటికి లాగుతుంది, సెకనుకి పద్నాలుగు సార్లు. ముందు చక్రాలూ, వాటి సస్పెన్షనూ సహజంగా ఊగే లయ కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. అందుకే ఆ వేగం దగ్గర పట్టుకుంటుంది, దాటాక వదులుతుంది.

ఇంకేం, నాకు సంబరం. ఇది బగ్గు, మనం బగ్గులు పట్టేవాళ్ళం. మా అమ్మాయిని పక్క సీట్లో కూర్చోబెట్టి చేతికి నోట్‌బుక్ ఇచ్చాను. ఏం చేస్తే వణుకు పెరుగుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో రాయడం దాని పని.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే అనుమానం బ్రేకు డిస్కుల మీద. మాది నొక్కినా నొక్కకపోయినా ఒకటే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెరిగి, వదిలితే పోతే యాక్సిల్ కీళ్ళు చూడాలి. మాది అదీ కాదు. ఇంజను వేగంతో సంబంధం ఉందేమోనని గేరు ఒకటి తగ్గించి చూశాను. ఇంజను గట్టిగా అరిచింది, వణుకు మారలేదు. అంటే అది చక్రాల వేగాన్నే అంటిపెట్టుకుని ఉంది. వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనకవి అని సాధారణంగా చెబుతారు. మాది స్టీరింగే. పాపం అలైన్‌మెంట్‌ని అందరూ తిడతారు గానీ, అది తప్పితే బండి పక్కకి లాగుతుంది, టైర్లు వంకరగా అరుగుతాయి. ఊరికే వణకదు.

తిరిగొచ్చేటప్పుడు కారు మా అమ్మాయి నడిపింది. ఇంటి దగ్గర షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో పది మైళ్ళ వేగంతో వెళ్తూ, "నాన్నా, ఇట్స్ వాడ్లింగ్. లైక్ ఎ డక్" అంది. స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతోందిట, బాతు నడకలాగా. నేను పట్టుకుని చూశాను. ఏమో, ఉందేమో, లేదేమో. "మన ప్రాబ్లమ్ అరవై దగ్గరమ్మా, పది దగ్గర కాదు" అన్నాను. అది నోట్‌బుక్‌లో రాసింది. నేను చదవలేదు.

మొదటి షాపులో నాలుగు చక్రాలూ బ్యాలన్స్ చేశారు, 70 డాలర్లు. వణుకు సగం తగ్గింది. నా సిద్ధాంతం సగం నిజమైందని సంతోషించాను. సగం ఎందుకు మిగిలిందని ఆలోచించాల్సింది. రెండో షాపువాళ్ళు కారు పైకెత్తి, కింద అరగంట తిరిగి, కాగితం ఇచ్చారు: రెండు యాక్సిళ్ళు, రెండు బాల్ జాయింట్లు, రెండు టై రాడ్ చివరలు, అలైన్‌మెంట్, మొత్తం 1,740 డాలర్లు. వదులు ఎక్కడుందో చూపించమన్నాను. "ఇన్సూరెన్స్ రూల్స్, కస్టమర్లని లోపలికి రానివ్వం" అన్నారు. సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశాను. మా ఆవిడ ఫోను చేసి పాలు తెమ్మని చెప్పకపోతే పెట్టేసేవాణ్ణే. రేపు చెబుతానని వచ్చేశాను.

కాలేజీలో దింపడానికి ఇంక వారం ఉంది. "ప్రస్తుతానికి 58 దాటకుండా కుడి లేన్‌లో వెళ్ళు, థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు బాగుచేయిద్దాం" అని మా అమ్మాయితో అన్నాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

ఆ శనివారం ఒక మిత్రుడింట్లో భోజనాలు. వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లానుంచి వచ్చి ఉన్నారు. ఆర్టీసీలో, టైర్ల రీట్రెడింగ్ షాపులో ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చి రెండు నెలలైంది, టీవీ చూసీ చూసీ విసిగిపోయి ఉన్నారు. నా కారు కథ వినగానే కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"అరవై సంగతి తర్వాత బాబూ. నెమ్మదిగా పోయేటప్పుడు ఏం చేస్తది?"

నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి అరచేతిని అటూ ఇటూ ఊపి చూపించింది. "ఇలా, తాతగారూ."

ఆయన లేచి చెప్పులేసుకున్నారు.

వాళ్ళ వీధి చివర మలుపులో నన్ను నడక వేగంతో కారు నడపమని, తను రోడ్డు పక్కన గొంతుకూర్చుని చూశారు. రెండోసారికే చెయ్యెత్తారు. "కుడి ముందుది. ఆపు." తర్వాత వాకిట్లో హ్యాండ్‌బ్రేకు వేయించి, వెనక చక్రాలకి ఇటుకలు పెట్టించి, జాకీ ఎత్తించారు. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దని గరాజ్‌లో ఉన్న స్టాండు కూడా పెట్టించారు. చక్రం పక్కన నేలమీద ఓ పెయింటు డబ్బా, దానిమీద స్క్రూడ్రైవరు, మొన టైరు గాడులకి అగ్గిపుల్ల మందం దూరంలో. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పారు. సందు అలాగే ఉంది, అలాగే ఉంది, ఒకచోట టక్కున మూసుకుపోయి మొన రబ్బరుకి తగిలింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అక్కడే.

"చెయ్యి పెట్టు" అన్నారు. అరచేత్తో తడిమితే జానెడు పొడుగున ఉబ్బు తెలుస్తోంది. కంటికి మాత్రం ఏమీ కనపడదు. "రీట్రెడింగ్‌కి వచ్చిన టైర్లని మేం చూసి తీసుకునేవాళ్ళం కాదు, తడిమి తీసుకునేవాళ్ళం. లోపల పొర విడింది బాబూ."

టైరు గాడుల కింద ఉక్కు తీగలు అల్లిన పొరలు రెండుంటాయి. వాటిని రబ్బరే అంటిపెట్టుకుని ఉంచుతుంది. కారు తిరిగినా తిరక్కపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రబ్బరు పెళుసెక్కుతుంది. ఎండ, వేడి, తక్కువ గాలి దాన్ని ఇంకా తొందరపెడతాయి. పొరలు విడడం మొదలైతే ముందు ఉబ్బు, ఊగుడు, వణుకు. ఆ తర్వాత ఒకరోజు, మామూలుగా వేసవిలో, వేగంలో, గాడుల పట్టీ మొత్తం ఊడి లేచిపోతుంది. 2000 సంవత్సరంలో ఇక్కడున్న పాఠకులకి ఫైర్‌స్టోన్ టైర్ల రీకాల్ గుర్తుండే ఉంటుంది. అక్కడ జరిగింది ఇదే. ట్రెడ్ ఊడిపోయి, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు తిరగబడి, ప్రభుత్వ లెక్కల్లో 271 మంది పోయారు. మన డ్యాష్‌బోర్డ్‌లో గాలి తగ్గితే వెలిగే దీపం ఆ తర్వాత వచ్చిన చట్టం పుణ్యమే. కానీ ఆ దీపం గాలినే చూస్తుంది. పొర విడితే దానికి తెలియదు.

పెద్దాయన చేతులు తుడుచుకుంటూ, మామూలు గొంతుతోనే, "దీనిమీద పిల్లని పంపిద్దామనుకున్నారా?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. మా ఆవిడ నన్ను చూడలేదు. అమ్మాయి మాత్రం నోట్‌బుక్ ఎక్కడుందా అని కార్లో వెతుకుతోంది.

చక్రం విప్పి తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. ప్రతి టైరు మీదా డి.ఓ.టి. అని మొదలయ్యే ఒక నంబరు ఉంటుంది. 2000 నుంచి దాని చివరి నాలుగు అంకెలూ పుట్టినతేదీ: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అయితే ఆ తేదీ టైరుకి ఒకవైపు ఉంటే చాలు, రెండోవైపు ఉండక్కర్లేదు. మిగతా మూడు టైర్లూ 2020లో చేసినవి, తేదీ బయటికే కనబడుతోంది. దీనికి లోపలివైపు ఉంది: 1412. 2012లో పద్నాలుగో వారం, పదకొండేళ్ళు దాటింది. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళకి మార్చమంటాయి, గాడులు ఎంత ఉన్నా పదేళ్ళు దాటనివ్వొద్దని టైర్ల కంపెనీలే అంటాయి. ఎవరో పాత టైర్ల కొట్లో కొని తగిలించి ఉంటారు. గాడులు కొత్తగా మెరుస్తున్నాయి. నేను కొనేటప్పుడు చూసి మురిసింది వాటినే.

మరి బ్యాలన్స్ చేసిన షాపులో తెలియలేదా? మామూలు బ్యాలన్సింగ్ యంత్రం చక్రాన్ని గాలిలో తిప్పి బరువు సరిచూస్తుంది, రోడ్డుకి ఆనినప్పుడు టైరు ఎలా ప్రవర్తిస్తుందో చూడదు. ఉబ్బిన టైరుకి కూడా సీసం ముక్కలు అంటించి సున్నా చూపించొచ్చు. రోలరుతో టైరుని నొక్కి తిప్పే రోడ్ ఫోర్స్ యంత్రమైతే పట్టుకుంటుంది. ఇంకో ఇరవై, ముప్పై డాలర్లు ఎక్కువైనా అడిగి చేయించుకోవచ్చు. తిరుగుతున్న టైరుని ఓ క్షణం పక్కనుంచి చూసినా ఎగురుతున్నది కనబడేదే, కానీ ఆ రోజు వాళ్ళకి కార్ల వరస చాలా ఉంది.

డిక్కీలోని చిన్న స్పేర్ వేసుకుని, దాని మీద రాసి ఉన్నట్టు 50 దాటకుండా ఇంటికొచ్చాం. బాతు నడక మాయం. మర్నాడు రెండు కొత్త టైర్లు, 290 డాలర్లు. కొత్తవి వెనక్కి, మంచి పాతవి ముందుకి వేశారు. వానలో వెనక భాగం జారకుండా అలాగే వెయ్యాలిట. ఐ-40 మీద 67 దగ్గర ఇంకా సన్నటి గిలిగింత మిగిలింది. ఈసారి మా ఇంట్లోనే చక్రం పైకెత్తి, మూడు-తొమ్మిది గంటల దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఆడించాను. కుడిపక్క కొద్దిగా కటకటమంది. అంటే టై రాడ్ చివర వదులు. పన్నెండు-ఆరు దగ్గర కదిలితే బాల్ జాయింటో, బేరింగో అయ్యేది, అక్కడ గట్టిగానే ఉంది. కాబట్టి రెండో షాపువాళ్ళు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, ఏడు వస్తువుల్లో ఒకటి నిజం. ఆ ఒక్కటీ, అలైన్‌మెంటూ మరో మెకానిక్ దగ్గర 260 డాలర్లు. నేను ఆ 1,740కి సంతకం పెట్టుంటే అన్నీ మారేవి, ఆ టైరు తప్ప.

పెద్దాయన ఫోన్లో ఒకటే జాగ్రత్త చెప్పారు. నట్లు ఎదురెదురుగా బిగించాలి, వంద మైళ్ళలోపు మళ్ళీ ఓసారి చూడాలి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది. చూశాను, ఒకటి కొద్దిగా వదులైంది.

దింపడానికి వెళ్ళిన రోజు మా అమ్మాయే నడిపింది, నేను పక్కన. గ్రీన్స్‌బరో దాటాక గ్లవ్ బాక్స్‌లో ఏదో వెతుకుతుంటే ఆ నోట్‌బుక్ దొరికింది. మూడో లైన్లో రాసి ఉంది: "10 మైళ్ళు. బాతు. నాన్న నమ్మలేదు." తెలుగులోనే రాసింది, ఒత్తులతో సహా. కింద నేను "సారీ" అని రాసి సంతకం పెట్టాను.

సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఫోను చేసింది. డార్మ్ పార్కింగ్‌లో టార్చిలైటు పట్టుకుని స్నేహితుల కార్ల కింద దూరుతోందట. రూమ్మేట్ కారు వెనక ఎడమ టైరు 2011ది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారికి చెప్పడానికి నా నంబరు ఇచ్చింది. మర్నాడు ఆయన ఫోను చేశారు, కొద్దిగా కోపంగానే. "గాడులు బాగానే ఉన్నాయి కదండీ?" అన్నారు.