సంతకం పెట్టినవాడు, చీటీలో పడ్డవాడు

1969 డిసెంబరు 1 రాత్రి వాషింగ్టన్‌లో ఒక గాజు జాడీలో 366 నీలిరంగు ప్లాస్టిక్ గొట్టాలు పోసి, అమెరికా అంతా టీవీల్లో చూస్తుండగా ఒక్కొక్కటే తీశారు. ఒక్కో గొట్టంలో ఒక తేదీ. మొదట వచ్చింది సెప్టెంబరు 14. 1944-50 మధ్య ఆ తేదీన పుట్టిన కుర్రాళ్లు వియత్నాం యుద్ధం పిలుపులో ముందు వరసకొచ్చారు. చివరికి ఆ వరసలో 195వ నంబరు దాకా పిలిచారు. 196 పడ్డవాడికి పిలుపు రాలేదు. గొట్టాల్ని సరిగ్గా కలపనేలేదని, ఏడాది చివర్లో పుట్టినవాళ్లకే చిన్న నంబర్లు ఎక్కువ పడ్డాయని గణాంక నిపుణులు తర్వాత తేల్చారు. ప్రాణాల మీదికొచ్చే లాటరీకి ఆ మాత్రం శ్రద్ధ కూడా పెట్టలేదంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వియత్నాం అనగానే బలవంతంగా ఈడ్చుకెళ్లిన సైన్యమే మనకు గుర్తొస్తుంది. నిజానికి అక్కడ పనిచేసిన అమెరికన్లలో దాదాపు మూడింట రెండొంతులు స్వచ్ఛందంగా చేరినవాళ్లే. అందరూ వీరగాథగా చెప్పుకునే రెండో ప్రపంచయుద్ధంలోనే నిర్బంధంగా చేరినవాళ్లు ఎక్కువ: సుమారు కోటి మంది.

అయితే ఆ 'స్వచ్ఛందం' ఎలాంటిదో కూడా చూడాలి. పిలుపు వచ్చేదాకా ఆగితే సర్వీసు రెండేళ్లే, కానీ ఏ పనిలో వేస్తారో సైన్యం ఇష్టం. చాలామందికి దక్కేది తుపాకీ, అడవి. ముందే వెళ్లి సంతకం పెడితే మూడేళ్లు, అయినా మెకానిక్ పనో రేడియో పనో కోరుకునే వీలుండేది. నౌకాదళంలోనో వైమానిక దళంలోనో చోటు దొరికితే ఇంకా నయం. అలా ఒక ఏడాది ఎక్కువిచ్చి బతికే అవకాశం కొనుక్కున్నవాళ్లు ఎందరో. కాలేజీ సీటున్నవాళ్లకు వాయిదాలు దొరికాయి. లేనివాడికి ఈ రెండే దారులు. వియత్నాంలో చనిపోయిన 58 వేల పైచిలుకు మందిలో సుమారు 30 శాతం నిర్బంధ సైనికులు.

కాదన్నవాళ్లూ ఉన్నారు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరమని తన పేరు పిలిచినా బాక్సర్ మహమ్మద్ అలీ అడుగు ముందుకు వేయలేదు. టైటిల్ లాగేసుకున్నారు, ఐదేళ్ల శిక్ష వేశారు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసేసరికి బాక్సర్‌గా అతని మంచి వయసు కరిగిపోయింది. అంత నష్టాన్ని తెలిసి తలకెత్తుకున్నవాణ్ని పిరికివాడనడం అన్యాయం.

మన సంగతీ ఆలోచించాలి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలో 25 లక్షల మంది స్వచ్ఛంద సైనికులే. చట్టం వాళ్లను బలవంతపెట్టలేదు. కానీ నెలజీతం కోసం, ఇంటి అప్పు కోసం వెళ్లినవాళ్లు వాళ్లలో ఎంతమంది!

1973లో అమెరికా నిర్బంధ భర్తీ ఆపేసింది. మంచి పనే. ఇష్టంలేనివాణ్ని చావుకు పంపే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదని నేను నమ్ముతాను. కానీ చీటీ ప్రతి ఇంటి తలుపూ తట్టినప్పుడు ఆ యుద్ధం గురించి దేశమంతా నిలదీసింది. తర్వాత అఫ్గానిస్తాన్‌లో ఇరవయ్యేళ్లు పోరు నడిచినా, భారం మోసింది కొద్ది కుటుంబాలే. సైనికుడు ఇష్టపడి చేరాడు కదా అని అతని గురించి అడగడం మానేయడం తప్పు.

అమెరికాలో పిల్లలున్న మనవాళ్లకో మాట. 18 నుంచి 25 ఏళ్ల మగవాళ్ల పేర్లు భర్తీ జాబితాలో నమోదు కావాలన్న చట్టం 1980 నుంచి అమల్లోనే ఉంది. గ్రీన్‌కార్డు ఉన్న అబ్బాయిలకూ అది వర్తిస్తుంది.