సన్నాయి నోటి ఏరియలు



ఏరియలు అనగానే ఇంటికప్పు మీద నిలిపిన గడకర్ర మీకు జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవునది బొటనవ్రేలంత ఏరియలును గూర్చి. అట్టివానిని శరీరము చుట్టును అమర్చి, లోపలి గడ్డల బొమ్మ తీయవలెనని ఇంజనీర్లు యత్నించుచున్నారు. వత్సవాయిలో మా మేనత్త తన రొమ్ములోని గడ్డను సిగ్గుచేత రెండేండ్లు దాచెను. బెజవాడకు కొనిపోవునప్పటికే కాలము మించిపోయినది. ఈ విద్యపై నాకు శ్రద్ధ కలిగినది అందువలననే.

మునేటిలో నాటిన సన్నని కర్రను పెద్ద అల లెక్కసేయక దాటిపోవును. చిరు అల దానిని తాకి చెదరును. విద్యుత్తరంగముల తీరును ఇంతే. తిరుపతి సమీపమున గాదంకిలో ఆకాశమును పరీక్షించు రాడారు కలదు. దాని అల పొడవు ఐదున్నర మీటర్లకు పైమాట. 130 మీటర్ల చదరమున 1,024 ఏరియళ్ళు నాటినారు. గాలిపొరలను చూచుటకు అది తగును గాని, గోలికాయంత గడ్డను చూచుటకు తగదు. దీనికి 10 మొదలు 3 సెంటీమీటర్ల వరకు గల అలలు కావలెను.

అన్ని అలలెందుకందురా? పొట్టి అల సూక్ష్మముగా చూపును గాని తడి మాంసములో త్వరగా ఆరిపోవును. పొడుగు అల లోతుకు పోవును గాని మోటుగా చూపును. అదియుగాక, పలు అలలు కలిసిననే చప్పటివంటి పొట్టి దెబ్బ ఏర్పడును. చప్పుడు పొట్టిదైన కొలది, దగ్గర దగ్గరగా నున్న రెండు గోడల ప్రతిధ్వనులు వేర్వేరుగా వినవచ్చును గదా!

సామాన్యమైన ఏరియలు గుడిగంట వంటిది. తన స్వరమునే పలుకును. 1979లో పీటర్ గిబ్సన్ అను నతడు వివాల్డి అను పేర వేరొక రూపమును ప్రకటించెను. లోహపు రేకులో సన్నని చీలికగా మొదలై, పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో మీరు చూచిన సన్నాయి నోటివలె అది క్రమముగా విచ్చుకొనును. పొట్టి అల ఇరుకుచోటనే బయటపడును. పొడుగు అల వెడల్పు అంచుదాక పోయి బయటపడును. కాని ఆ నోరు మిక్కిలి పొడుగైన అలలో సుమారు సగముండవలెను. 10 సెంటీమీటర్ల అలకు 5 సెంటీమీటర్లన్నమాట. అంత పెద్దవానిని చిన్నచోట పదునారింటిని అమర్చుట ఎట్లు? నోరు కుదించినచో పొడుగు అలలు వెనుకకు మరలును. చిన్నతనమును, విస్తారమును ఒకేచోట ఉచితముగా దొరకవని 1948లోనే ఎల్. జె. చూ లెక్కగట్టి చూపెను.

ఐనను ఉపాయములు కలవు. కొన్ని పింగాణీలలో తరంగము మూడవవంతు వేగముతో నడచును. అలయు అంతగా కుదియును. ఏరియలు అట్టి పదార్థములో మునిగియున్నచో 2 సెంటీమీటర్ల లోపు నోరే చాలును. అంచులలో గాట్లు పెట్టి విద్యుత్తుకు దారి పొడిగించుట మరియొకటి. అయితే చర్మమునకును ఏరియలునకును నడుమ గాలి మిగిలినచో అల చర్మముపైననే చాలవరకు తిరిగిపోవును. కనుక తగిన ద్రవమును నింపుదురు. నా మట్టుకు, రేకుల రూపముకన్న ఈ సంధియే కష్టమైనది.

ఈ పద్ధతిలో ఎక్స్‌రే లేదు, రొమ్మును నొక్కుట లేదు. కాని ఇది ఇంకను పరీక్షల దశయందే యున్నది; ఎక్స్‌రే బొమ్మకు బదులు కాలేదు.

మొన్న మేనత్త కూతురు, ఆ పెట్టె మన ఊరికెప్పుడు వచ్చును బావా, అని అడిగినది. ఇంకను రాలేదమ్మా యని చెప్పి, ఆమెను నందిగామకు డాక్టరమ్మ కడకు పంపితిని.