నీళ్లు తోడడానికే పుట్టిన యంత్రం

పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులున్నాయి. వరద రోజుల్లో అవన్నీ తిరిగితే సెకనుకు దాదాపు 8,500 ఘనపుటడుగుల గోదావరి నీరు పైకి లేచి, పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణకు చేరుతుంది. పంపును తిప్పేది మోటారు, మోటారును తిప్పేది కరెంటు. గ్రిడ్డులో జల, సౌర, పవన విద్యుత్తు కూడా కలుస్తుంది. అయినా మన రాష్ట్రంలో పెద్ద వాటా బొగ్గు కరెంటుదే. ఆ కరెంటు పుట్టేది ఆవిరి నుంచి. మూడు వందల ఏళ్ల కిందట ఆవిరి యంత్రం చేసిన మొదటి పని కూడా నీళ్లు తోడడమే.

1712లో ఇంగ్లండులోని డడ్లీ దగ్గర ఒక బొగ్గు గనిలో ఊరే నీటిని తోడడానికి థామస్ న్యూకొమెన్ ఈ యంత్రాన్ని నిలబెట్టాడు. సిలిండరులోకి ఆవిరిని నింపి, దాని మీద చన్నీళ్లు చిమ్మేవారు. ఆవిరి నీరైపోయి లోపల దాదాపు శూన్యం ఏర్పడేది. బయటి గాలి ఒత్తిడి ముషలకాన్ని (పిస్టన్‌ను) కిందికి నెట్టేది. ముషలకానికి తగిలించిన దూలం రెండో కొసన నీరు పైకి వచ్చేది.

నీరు ఆవిరైతే ఏం మారుతుంది? అణువు మారదు, దాని కదలిక మారుతుంది. నీటిలో అణువులు ఒకదాన్నొకటి లాగుతూ, ఒరుసుకుంటూ తిరుగుతాయి. వేడి పెరిగేకొద్దీ ఆ కదలిక జోరందుకుంటుంది. మామూలు గాలి ఒత్తిడిలో 100 డిగ్రీల దగ్గర అవి ఆ బంధాలను తెంచుకుని మూకుమ్మడిగా ఎగిరిపోతాయి. అప్పుడు అణువుల వేగం సెకనుకు సుమారు 700 మీటర్లు. లీటరు నీరు దాదాపు 1,700 లీటర్ల ఆవిరవుతుంది. ఆ భారీ తేడాయే యంత్రానికి బలం.

ఇక్కడే ఒక చిక్కుంది. 30 డిగ్రీల నీటిని మరుగు దాకా తేవడానికి గ్రాముకు 70 కేలరీలు చాలు. 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి మరో 540 కేలరీలు కావాలి. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగదు, వేడంతా బంధాలు తెంచడానికే పోతుంది. దీన్ని గుర్తించి గుప్తోష్ణం అన్నవాడు గ్లాస్గో ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్. లీటరు మరుగు నీటిని ఆవిరి చేసే శక్తి మొత్తం చేతికందితే టన్ను నీటిని 230 మీటర్ల ఎత్తుకు ఎత్తవచ్చు. న్యూకొమెన్ యంత్రంలో మాత్రం సిలిండరును ప్రతిసారీ చల్లార్చి మళ్లీ కాచడంలోనే వేడి వృథా అయ్యేది. బ్లాక్‌ను ఎరిగిన జేమ్స్ వాట్ ఆవిరిని చల్లార్చే గదిని వేరు చేసి 1769లో పేటెంటు పొందాడు. బొగ్గు ఖర్చు బాగా తగ్గింది.

ఆ యంత్రం గోదావరికి కూడా వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్, నదిని రహదారిగా మలచాలని వాదించాడు. విదర్భ పత్తిని ఆవిరి పడవల్లో కోస్తాకు దింపాలన్నది ఎగువ గోదావరి పథకం ఆశయం. రాజమండ్రి నుంచి ఎగువన దుమ్ముగూడెం వెళ్లాలంటే పట్టిసీమ దాటి, పాపికొండల నడుమ నుంచే దారి. నదికి అడ్డుపడ్డ రాతి పట్టెల దగ్గర ఖర్చు పెరిగి, రైలు పోటీకి వచ్చి, 1871లో ఆ పథకం ఆగిపోయింది. తర్వాత లాంచీల్లోకి డీజిల్ ఇంజను వచ్చింది.

ఆవిరి మాత్రం పని మానలేదు. 1884లో చార్లెస్ పార్సన్స్ ముషలకాన్ని పక్కనబెట్టి, ఆవిరి ధారతో రెక్కలు తిరిగే టర్బైను చేశాడు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో 1979 నుంచి తిరుగుతున్నవి ఆ వంశానివే. అక్కడి 210 మెగావాట్ల యూనిట్లలో ఆవిరి సుమారు 540 డిగ్రీల వేడికి చేరుతుంది. ఆ వేడిలో అణువుల వేగం సెకనుకు కిలోమీటరు దాటుతుంది.

ఒత్తిడి పెంచితే మరుగు స్థానం పెరుగుతుందని వంటింటి కుక్కరు చెబుతుంది. అలా పెంచుకుంటూ పోతే ఒక హద్దు వస్తుంది. గాలి ఒత్తిడికి దాదాపు 218 రెట్లు, 374 డిగ్రీలు. అది దాటాక నీరు మరగదు. నీరు, ఆవిరి అన్న తేడాయే చెరిగిపోతుంది. ఇబ్రహీంపట్నంలో కొత్తగా కట్టిన 800 మెగావాట్ల యూనిట్ పనిచేసేది ఈ హద్దుకు అవతలే. అందుకే అదే కరెంటుకు తక్కువ బొగ్గు చాలుతుంది.

ఇంతా చేసి, మామూలు యూనిట్లలో బొగ్గు వేడిలో మూడో వంతుకు అటూఇటూగానే కరెంటవుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం, టర్బైను దాటిన ఆవిరిని మళ్లీ నీరు చేసేటప్పుడు, చల్లార్చే నీటిలోకి పోతుంది. వాట్ వేరు చేసిన గది ఇప్పటికీ అక్కడ అదే పని చేస్తోంది. దానికి వాడేది కృష్ణ నీరే. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు కృష్ణలో కలిసేది కూడా ఇబ్రహీంపట్నం దగ్గరే.

బడిలో పదార్థ స్థితుల పాఠం మంచుముక్క, గిన్నెలో మరిగే నీళ్లతో ముగుస్తోంది. ఉభయ గోదావరి జిల్లాల సైన్సు ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. పిల్లలను పట్టిసీమకు తీసుకెళ్లండి, నీరు లేచే చోట నిలబెట్టి ఆ పాఠం చెప్పండి. కంటికి కనిపించని అణువుల కదలిక ఎంత పెద్ద కాలువను నింపగలదో వాళ్లు కళ్లారా చూస్తారు.