కప్పుక్రింద కాచుకొన్న నీరు

వరంగల్లులో నీరు గడ్డకట్టునంతటి చలి ఎన్నడును పడదు. కాని మన జిల్లానుండి అమెరికా, కెనడా దేశములకు పోయి స్థిరపడినవారు అనేకులు కలరు. వారు నివసించు పెద్ద భవనములలో శీతకాలము రాకమునుపే ఒక పని జరుగును. కప్పు వెంబడి సాగు అగ్నిరక్షణ గొట్టములను పరీక్షించుదురు. పల్లపు చోట్ల నిలిచిన నీటిని వదలివేయుదురు. అటకలలోను, కార్లు నిలుపు చోట్లను చలిగాలి చొరబడు సందులను మూయుదురు. నీరు గడ్డకట్టినపుడు నూటికి సుమారు 9 పాళ్లు ఉబ్బును. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టమైనను పగులును. పగిలిన సంగతి వెంటనే తెలియదు; మంచు కరగిననాడు గదులన్నియు నీటిపాలగును. అంతకంటె పెద్ద కీడు మఱియొకటి కలదు: ఈలోగా నిప్పు పుట్టినచో దానిని ఆర్పవలసిన నీరు మంచుగడ్డయై గొట్టములోనే నిలిచిపోవును.

ఈ ఏర్పాటునే స్ప్రింక్లరు అందురు. 1874లో అమెరికాలో హెన్రీ పార్మలీ తన పియానోల కర్మాగారమును కాపాడుకొనుటకై దీనిని రూపొందించెను. తరువాత ఫ్రెడరిక్ గ్రిన్నెల్ మెరుగుపరచెను. తొలుత దీనిని ఆదరించినవి నూలుమిల్లులు. దీని రహస్యమంతయు వ్రేలెడైనను లేని గాజు గొట్టములో ఉన్నది. అందులోని ద్రవము వేడికి వ్యాకోచించి గాజును పగులగొట్టును. దాని వెనుక అణగియున్న నీరు చిమ్ముకొని వచ్చును. పొగకు ఇది పగులదు, వేడికే పగులును. సినిమాలలో చూపునట్లు అన్ని తలలును ఒక్కమారుగా తెఱచుకొనవు. నిప్పునకు పైనున్న ఒకటి రెండు మాత్రమే తెఱచుకొనును.

మిక్కిలి చలి గల చోట్ల గొట్టములను నీటికి బదులు గాలితో నింపుదురు. ఆ గాలి ఒత్తిడి ఒక వాల్వును మూసి పట్టియుంచును. తల పగిలి గాలి పోయిన వెంటనే వాల్వు తెఱచుకొని నీరు పరుగెత్తి వచ్చును. మన ఊరిలోను ఈ పద్ధతితో పని గలవారు ఉండవచ్చును. ఎనుమాముల మార్కెట్టు చుట్టుపట్ల మిరప నిలువచేయు శీతల గిడ్డంగులు కలవు గదా! మిరపకు గడ్డకట్టునంతటి చల్లదనము అక్కరలేదు. కాని 4 డిగ్రీల దిగువకు పోవు గది ఏదైన ఉన్నచో అందులో పొడి గొట్టములే యుండవలెను. చల్లదనము నిలుపుటకై గోడలలో పెట్టు నురుగుపలకలు అంటుకొన్నచో ఎంత త్వరగా కాలునో తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మన అసలు శత్రువు వేసవి. అక్టోబరునుండి వచ్చిన పత్తి, మాఘ ఫాల్గుణములనుండి వచ్చు మిరప, రెండును గిడ్డంగులలో పేరుకొనియున్న వేళకే ఎండలు ముదురును. గాజు గొట్టములలోని రంగు వానిని పగులగొట్టు వేడిని తెలుపును: ఎఱుపు 68 డిగ్రీలు, పసుపు 79, ఆకుపచ్చ 93. కప్పు దగ్గర మామూలుగా ఉండదగిన అత్యధిక వేడికంటె సుమారు 30 డిగ్రీలు ఎక్కువ గల దానిని ఎన్నుకొనవలెనని నియమము. మే నెలలో నీడనే 45 డిగ్రీలు తాకు మన ఊరిలో, రేకుల షెడ్డు పైభాగమున వేడి ఎంత యుండునో ఊహించుకొనవచ్చును. అచ్చట ఎఱ్ఱనిది పెట్టినచో నిప్పు లేకయే పగులునను భయము కలదు. పగిలి మిరప బస్తాలు తడిసినచో యజమాని చేయు మొదటి పని ఏమి? ప్రధాన వాల్వును మూసి తాళము వేయుట. ఆ తాళము అట్లే యుండగా నిజముగ నిప్పు వచ్చినచో ఎవరేమి చేయగలరు? ఒక గాజు ముక్క రంగు తప్పుటచే గిడ్డంగి అంతయు దిక్కులేనిదగును.

నీటి సంగతియు అంతే. రామప్ప, పాకాల, లక్నవరము చెఱువులను త్రవ్వించిన కాకతీయుల నేలమీద నీటిని దాచుకొనుటను గురించి నేను చెప్పుట సాహసమే. అయినను వేసవిలో బోరు ఎండినపుడు అగ్నిరక్షణ తొట్టిలోని నీటిని ఇతర అవసరములకు తోడుకొనుట చాలచోట్ల వాడుక. దానిని మానవలెను. డీజిలు పంపును వారమున కొకమారైనను నడిపి చూడవలెను. దాని బ్యాటరీ ఎండకు త్వరగా చెడును. బస్తాలు స్ప్రింక్లరు తలకు అర మీటరు దిగువననే ఆగవలెను, లేనిచో నీరు గొడుగువలె వ్యాపింపజాలదు.

పత్తికి వేఱొక గుణము కలదు. జిన్నింగు యంత్రములో ఇనుప ముక్క తగిలి లేచిన నిప్పురవ్వ బేలు లోపల గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి మండక రాజుకొనుచుండును. పైనుండి పడు నీరు నిప్పును వ్యాపింపకుండ పట్టియుంచును గాని బేలు గర్భమును చేరదు. ఆ బేళ్లను వెలుపలికి లాగి విప్పి తడుపవలసినదే. 1944 ఏప్రిల్ 14వ తేదీని బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడలో జరిగినదిదే. పత్తి బేళ్ల నడుమ నిప్పు పుట్టెను. ఎంత నీరు పోసినను దాని మూలమును చేరలేదు. అదే ఓడలోని ప్రేలుడు పదార్థములు అంటుకొనెను. అగ్నిమాపక దళమువారు అరువదిమందికి పైగా మరణించిరి. వారి స్మరణార్థమే దేశమంతట ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. మన గిడ్డంగుల పరీక్షకు అంతకంటె తగిన వారము లేదు. అయితే అప్పటికే ఎండ ముదురును గనుక మార్చిలోనే మొదలుపెట్టుట మేలని నా అభిప్రాయము.

గిడ్డంగి లేని గృహస్థులకు దీనితో పనియేమి అనవచ్చును. హనుమకొండలోను, కాజీపేటలోను లేచుచున్న ఎత్తైన భవనములలోను, బట్టల దుకాణములలోను కప్పునకు ఈ చిన్న తలలు కనబడుచున్నవి. వానికి సున్నము గాని రంగు గాని పూయింపరాదు. పెండ్లి తోరణములు వ్రేలాడగట్టరాదు. మీ భవన సంఘమువారిని రెండు ప్రశ్నలు అడుగుడు: ప్రధాన వాల్వు తెఱచియున్నదా? ప్రెజరు గేజి ముల్లు సున్న మీద నిలిచియున్నదా? నిప్పు కనబడినచో స్ప్రింక్లరు పనిచేయుచున్నను వెలుపలికి వచ్చి 101 నంబరునకు ఫోను చేయుడు. దళమువారు వచ్చి చెప్పువరకు ఆ వాల్వును ఎవరును మూయరాదు.