డిస్కు వేషం కట్టిన పెన్‌డ్రైవ్

డిస్కు మొత్తానికి నకలైన ఐఎస్‌ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టి, లాప్‌టాప్‌కు గుచ్చి, ఆన్ చేసి, "ఏంటిది, బూట్ అవ్వట్లేదు?" అని తల గోక్కునేవాళ్లు ఊరూరా ఉంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లోనూ ఉంటారు. బైలాడీలా ఇనుప గనుల కోసం 1960లలో కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలుమార్గం వేశారు. ఆ గనుల చుట్టూ పెరిగిన కిరందుల్, బచేలీ టౌన్‌షిప్‌లలో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. అలాంటి ఒక క్వార్టర్లో పాత లాప్‌టాప్ ఒకటి ఉందనుకుందాం. విండోస్ పాడైంది. డీవీడీ డ్రైవ్ ట్రే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, లోపల డిస్కు గిర్రున తిరుగుతుంది. చదవడం మాత్రం జరగదు.

దుమ్ము పేరుకున్న ఊళ్లో ఈ డ్రైవ్‌లు పోవడంలో వింతేమీ లేదు. డెస్క్‌టాప్ కంప్యూటర్ డ్రైవ్‌లో లేజరు లెన్సు పెట్టె లోపలే ఉండిపోతుంది, డిస్కును మోసే పళ్లెం ఒక్కటే బయటికి వస్తుంది. లాప్‌టాప్‌కు అంత చోటు లేదు కాబట్టి మోటారు, లెన్సు అన్నీ ట్రేలోనే బిగించారు. ట్రే తెరిచిన ప్రతిసారీ శనగగింజంత లెన్సు నేరుగా గాలికి, దుమ్ముకు ఎదురవుతుంది. డీవీడీ మీద పక్కపక్క వరసల మధ్య దూరం 0.74 మైక్రాన్లు. ఆ కొలత దగ్గర దుమ్ము కణం అంటే బండరాయే. దూది, స్పిరిట్ పెట్టి తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది. లేజరే మసకబారితే ఇక అంతే.

అయినా ఆ లాప్‌టాప్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించవచ్చని ఇవాళ పదో తరగతి కుర్రాడికి కూడా తెలుసు. తెలియనిది, అది ఎలా సాధ్యమైందన్నది. పెన్‌డ్రైవ్ ఈ పనికి పుట్టలేదు. పుట్టినప్పుడు దాన్ని చూసి కంప్యూటర్లు గుర్తుపట్టనైనా లేదు. అది ఒక్కో వేషం కట్టుకుంటూ, పగటివేషగాడిలా గడప గడప దాటుకుంటూ లోపలికి వచ్చింది.

మొదటి గడప దగ్గర మొదలుపెడదాం. స్విచ్చు నొక్కగానే ప్రాసెసర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో తెలియదు, అసలు డిస్కు అంటే ఏమిటో తెలియదు. మదర్‌బోర్డు మీది ఒక చిప్‌లో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామును నడపడం ఒక్కటే దానికి తెలుసు. అదే బయాస్. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన బయాస్ చేసే పని ఇంతే: డ్రైవ్‌లోని మొట్టమొదటి 512 బైట్లు చదివి మెమరీలో ఒక నిర్ణీత చోట పెట్టి, పగ్గాలు వాటికి అప్పగించడం. ఆ 512లో చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే అంకెలైతే హార్డ్ డిస్కు బూట్ అవుతుంది. కాకపోతే, ఎన్ని గిగాబైట్ల విండోస్ అందులో ఉన్నా, బూట్ చేయదగిన డిస్కు లేదని నల్ల తెర మీద తెల్లక్షరాలు పడతాయి. మన కుర్రాడి పెన్‌డ్రైవ్ తప్పిపోయేది ఇక్కడే. ఐఎస్‌ఓను మామూలు ఫైలులా కాపీ చేస్తే అది మొదటి 512 బైట్లలో కూర్చోదు. సినిమా ఫైలు పక్కన ఇంకో ఫైలుగా పడి ఉంటుంది.

బయాస్‌కు తెలిసిన డ్రైవ్‌లు రెండే: ఫ్లాపీ, హార్డ్ డిస్కు. సీడీ వచ్చినప్పుడే మొదటి తంటా వచ్చింది. దుకాణంలో కొన్న విండోస్ 95 సీడీ దానంతట అది బూట్ అయ్యేది కాదు, పక్కన ఫ్లాపీ ఒకటి ఉండాల్సిందే. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు కలిసి దీనికొక ఉపాయం రాశాయి. కాలిఫోర్నియాలో ఒక రెస్టారెంటు పేరు మీద దాన్ని ఎల్ టొరీటో అన్నారు. ఉపాయం ఏమిటంటే, సీడీ లోపల 1.44 ఎంబీ ఫ్లాపీ నకలును దాచిపెట్టడం. బయాస్ అడిగినప్పుడు ఆ నకలును చూపించి "నేను ఫ్లాపీని" అని నమ్మబలకడం. ఈ నటన అక్కర్లేని పద్ధతి కూడా అందులోనే ఉంది గానీ, మొదటి వేషం అదే.

ఇంతలో యూఎస్‌బీ వచ్చింది. 1996 జనవరిలో దాని మొదటి ప్రమాణం వెలువడింది. ఇంటెల్‌లో ఆ పనిని ముందుండి నడిపినవాడు వడోదరలో చదువుకున్న అజయ్ భట్. ఆ రంధ్రంలో గుచ్చే మెమరీ ముక్క మాత్రం 2000లో అమ్మకానికి వచ్చింది. సింగపూర్‌కు చెందిన ట్రెక్ కంపెనీ థంబ్‌డ్రైవ్ అంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ తయారుచేసినదాన్ని ఐబీఎం 8 ఎంబీ పరిమాణంతో అమ్మింది. ఎవరు ముందన్న వాదన కోర్టుల దాకా వెళ్లింది, మనకు దానితో పని లేదు. పెన్‌డ్రైవ్‌కు ప్రాణం ఇచ్చిన చిప్ కథ వేరే ఉంది.

అది తోషిబాలో ఫుజియో మసుఓకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ. 1984లో ఆయన మొదటి రకాన్ని, 1987లో ఇవాళ పెన్‌డ్రైవ్‌లలో వాడే నాండ్ రకాన్ని లోకానికి చూపించాడు. చుట్టూ విద్యుత్తు పారని పొరతో మూసేసిన అతి చిన్న గదిలో ఎలక్ట్రాన్లను బంధిస్తే, కరెంటు తీసేసినా అవి అక్కడే ఉండిపోతాయి. ఉన్నాయా లేవా అన్నదే ఒకటి, సున్నా. ఎక్కడా తిరిగేది లేదు, తుడవాల్సిన లెన్సు లేదు. కనిపెట్టినందుకు తనకు న్యాయమైన వాటా రాలేదని మసుఓకా తోషిబా మీద దావా వేస్తే, 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లకు రాజీ కుదిరింది. ఫ్లాష్ మీద ప్రపంచం సంపాదించినదాని ముందు అది చిల్లర.

ఫ్లాష్‌కు ఒక చాదస్తం ఉంది. రాసినదాని మీద మళ్లీ రాయనివ్వదు. ముందు ఒక పెద్ద దిమ్మ మొత్తాన్ని చెరిపి, అప్పుడు రాయాలి. హార్డ్ డిస్కు అలా కాదు, ఎక్కడి ముక్కనైనా అక్కడే మార్చుకోవచ్చు. కంప్యూటర్లన్నీ హార్డ్ డిస్కుకు అలవాటుపడ్డవే. అందుకని పెన్‌డ్రైవ్ లోపల ఒక చిన్న కంట్రోలర్ చిప్ కూర్చుని, ఏ సమాచారం నిజంగా ఎక్కడుందో పట్టిక రాసుకుంటూ, బయటికి మాత్రం "నా దగ్గర వరుసగా 512 బైట్ల అరలున్నాయి, అడగండి" అంటుంది. మాట్లాడే భాష కూడా 1980లలో పెద్ద డిస్కుల కోసం రాసిన స్కజీ ఆజ్ఞలే. బజారులో 64 జీబీ అని రాసి 8 జీబీ చిప్ అంటగట్టే మోసం కూడా ఈ కంట్రోలర్ చలవే. దానికి అబద్ధం నేర్పితే నిండేదాకా మనకు తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేముందు పెన్‌డ్రైవ్‌ను ఒకసారి నింపి పరీక్షించుకోవడం మంచిది.

2000ల నాటి బయాస్ మెనూ తెరిచి చూస్తే ఈ వేషాల జాబితా పేర్లతో సహా కనిపిస్తుంది: యూఎస్‌బీ ఫ్లాపీ, యూఎస్‌బీ జిప్, యూఎస్‌బీ హెచ్‌డీడీ. జిప్ అంటే 1994లో ఐఒమెగా ప్రకటించిన లావుపాటి డిస్కు డ్రైవ్, మన ఊళ్లలో చూసినవాళ్లు తక్కువ. ఒకే పెన్‌డ్రైవ్ ఒక మదర్‌బోర్డు దగ్గర జిప్‌గా, మరోదాని దగ్గర హార్డ్ డిస్కుగా చెలామణి కావాల్సి వచ్చేది. పక్కింటి కంప్యూటర్లో బూట్ అయింది మనింట్లో కాదేమన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే.

నాకు అన్నిటికన్నా నచ్చిన వేషం 2008లో వచ్చింది. సీడీ ఫైల్ సిస్టమ్ నియమాల ప్రకారం డిస్కు మొదట్లో 32,768 బైట్లు ఖాళీ. సీడీ చదివేవాళ్లు ఆ చోటు వంక చూడరు. హార్డ్ డిస్కు చదివేవాళ్లు మొట్టమొదట చూసేది మొదటి 512 బైట్లనే. సిస్‌లైనక్స్ అనే బూట్ ప్రోగ్రామును రాసిన బృందం ఆ ఖాళీలో హార్డ్ డిస్కు బూట్ ముక్కను, 55, ఏఏ గుర్తును కూర్చింది. దాంతో ఒకే ఐఎస్‌ఓ సీడీ మీద రాస్తే సీడీ, పెన్‌డ్రైవ్ మీద బైటుకు బైటు రాస్తే హార్డ్ డిస్కు. దీన్ని ఐసోహైబ్రిడ్ అంటారు. లైనక్స్ ఐఎస్‌ఓలు చాలావరకు ఇలాగే వస్తాయి. విండోస్ ఐఎస్‌ఓ ఇలా ఉండదు. అందుకే దానికి పీట్ బటార్డ్ 2011లో విడుదల చేసిన రూఫస్ లాంటి పనిముట్టు కావాలి.

ఇదంతా బాగానే ఉంది, ఐఎస్‌ఓ బస్తర్ దాకా రావడమెలా? లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వాళ్లు 2011 దాకా అడిగినవాళ్లకు సీడీలను ఉచితంగా పోస్టులో పంపేవారు. అప్పట్లో ఐఎస్‌ఓ 700 ఎంబీ సీడీలో పట్టేది. 2012 అక్టోబరు విడుదలతో అది సీడీని దాటింది, ఇప్పుడు 5 జీబీ పైమాటే. సెకనుకు 100 కిలోబిట్లు ఇచ్చే పాత 2జీ సిగ్నల్ మీద 5 జీబీ దిగాలంటే, ఎక్కడా తెగకపోతే, నాలుగున్నర రోజులు పడుతుంది. బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలిదశను బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రారంభించింది 2018 ఏప్రిల్ 14న. అప్పటిదాకానే కాదు, ఆ తర్వాత కూడా అడవి లోపలి ఊళ్లలో సమాచారం చేతి మీదుగానే నడిచింది. శుభ్రాంశు చౌధరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర వాళ్ల బుల్టూ రేడియో అలాంటిదే. గోండీ పాటలు, వార్తలు బ్లూటూత్ మీద ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు ఎక్కేవి.

విశాఖలో పొద్దున కిరందుల్ పాసింజరు ఎక్కితే రాత్రికి దిగుతాం. 14 గంటలనుకుంటే, జేబులో 64 జీబీ పెన్‌డ్రైవ్ ఉన్న ప్రయాణికుడు సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున సమాచారం మోస్తున్నట్టు లెక్క. సొరంగాల్లో సిగ్నల్ పోయినా దానికి ఢోకా లేదు. అయితే చేతులు మారి వచ్చిన ఐఎస్‌ఓను నమ్మేముందు దాని వేలిముద్ర లాంటి షా-256 విలువను తయారీదారు ప్రకటించినదానితో పోల్చాలి. ఒక్క బిట్టు తేడా ఉన్నా ఆ 64 అక్షరాల విలువ గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఐఎస్‌ఓ ఏ చేతి మీదుగా వచ్చినా పరవాలేదు, ఈ విలువ మాత్రం అదే చేతి మీదుగా రాకూడదు. జగ్దల్‌పూర్‌లో ఫోను నెట్‌లో ఒక్క నిమిషం చూసి రాసుకుంటే చాలు.

బయాస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చాక కథ అడ్డం తిరిగింది. దీనికి ఫైళ్లు చదవడం వచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఐఎస్‌ఓ లోపలి ఫైళ్లన్నిటినీ విప్పి కాపీ చేస్తే చాలు. ఈఎఫ్‌ఐ ఫోల్డరులో బూట్ ఫోల్డరు, అందులో నిర్ణీత పేరుతో ఒక ఫైలు ఉంటే దాన్నే నడుపుతుంది. వేషం అక్కర్లేదు. ఒక్కటే చిక్కు, ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్‌లోని ఇన్‌స్టాల్ ఫైలు చాలాసార్లు దాటుతుంది, దాన్ని ముక్కలు చేయాలి, లేదా రూఫస్‌కు వదిలేయాలి.

వేషాలు చెల్లని చోట గుర్తింపు కార్డు అడుగుతారు. 2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వచ్చింది. బూట్ ఫైలు మీద నమ్మదగిన డిజిటల్ సంతకం లేకపోతే లోపలికి రానివ్వదు.   కాకపోతే చాలా లాప్‌టాప్‌లలో ఆ సంతకం పెట్టే అధికారం మైక్రోసాఫ్ట్‌ది కాబట్టి, లైనక్స్ వాళ్లు కూడా షిమ్ అనే చిన్న ప్రోగ్రాము మీద వాళ్ల సంతకమే తెచ్చుకోవాల్సి వచ్చింది. పాత సంతకాలకు మూలమైన 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026తో సరి. మన కంప్యూటర్లోకి ఎవరు రావాలో ఇంకొకరు తేల్చే ఈ ఏర్పాటు నాకైతే పూర్తిగా రుచించదు. సొంత లాప్‌టాప్ సెటప్‌లో దాన్ని ఆపుకునే వీలు సాధారణంగా ఉంటుంది, అది పోకుండా ఉంటే చాలు.

2020లో వచ్చిన వెంటాయ్ అనే ప్రోగ్రాము మన కుర్రాడి పక్షం వహించింది. పెన్‌డ్రైవ్‌లో దాన్ని ఒకసారి ఎక్కిస్తే, ఆ తర్వాత ఐఎస్‌ఓను మామూలుగా కాపీ కొట్టడమే. నాలుగైదు ఐఎస్‌ఓలు పెట్టుకుంటే మెనూ చూపిస్తుంది. నిజంగా లేని ఒక సీడీ డ్రైవ్‌ను సృష్టించి, ఎంచుకున్నదాన్ని అందులోని డిస్కుగా ఇన్‌స్టాలర్‌కు చూపిస్తుంది. పోయిన డ్రైవ్ వేషమే మళ్లీ!

ఇక పని. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12, లేదా కంపెనీని బట్టి ఎఫ్9, ఎస్కేప్ మీద టకటకా నొక్కితే బూట్ మెనూ వస్తుంది. విండోస్ ఇంకా ఊపిరితో ఉంటే షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న యంత్రం షట్‌డౌన్ అంటే సగమే నిద్రపోతుంది. హార్డ్ డిస్కులోని ఫొటోలు ముందే వేరేచోట దాచుకోండి, ఇన్‌స్టాలర్ అడిగే పార్టిషన్ ప్రశ్నకు తొందరపడి ఓకే నొక్కితే పోయేవి అవే. చచ్చిన డీవీడీ డ్రైవ్‌ను కూడా పారేయక్కర్లేదు, దాని చోటు పనికొస్తుంది. రిపేరు షాపుల్లో ఒక స్క్రూ తీసి దాన్ని లాగేసి, అదే కొలత క్యాడీ అనే చట్రంలో పాత హార్డ్ డిస్కును బిగించి, అసలు చోట ఎస్‌ఎస్‌డీ పెడతారు. కొనేముందు డ్రైవ్ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7నా అని కొలుచుకోవాలి.

ఇన్‌స్టాలర్ మొదటి తెర మీద భాషల జాబితా వస్తుంది. ఉబుంటులో తెలుగు ఉంటుంది, హిందీ ఉంటుంది. ఛత్తీస్‌గఢీలోకి కేడీఈ డెస్క్‌టాప్‌ను 2009 నాటికే తెచ్చారు. బస్తర్‌లో చాలామంది ఇళ్లలో మాట్లాడే గోండీ మాత్రం ఆ జాబితాలో ఉండదు. అక్కడ దాన్ని దేవనాగరిలో రాస్తారు, తెలంగాణ వైపు తెలుగు లిపిలో రాస్తారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని సొంత లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది, మసరాం గోండీ అనే మరో లిపికి అంతకు ఏడాది ముందే దక్కింది. రెండింటికీ నోటో ఫాంట్లు ఉచితం. మరీ పెద్దవేమీ కావు, ఐఎస్‌ఓ పక్కనే అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లవచ్చు.